గోటి గీత

"నేను చేసిన కుండే ఇది, దోన్యా హసింతా! కాల్చాక ఇంత అందంగా తేలుతుందనుకోలేదు," అంటూ డోరిన్ అక్కడి మర్యాద పిలుపుతో పలకరించి, కుమ్మరి హసింతా ముందు సంచిలోంచి కుండ తీసింది.

పోయినసారి కెనడా నుంచి వచ్చి, కొత్త పళ్ల కోసం దవడలో మరలు వేయించుకుని, వాచిన బుగ్గతోనే హసింతా దగ్గర కుండ చేయడం నేర్చుకుంది. ఇప్పుడు ఆ మరల మీద పళ్లు పెట్టించుకుని నవ్వు చూపించడానికొచ్చింది.

హసింతా కుండ అంచు లోపల వేలితో తడిమింది. జంట గీత తగిలింది. చీలిన బొటనవేలి గోరుతో అలా గీత పడేది ఆమె తల్లి చేతికే.

"యెసేనియా, ఇటు రావే!"

డోరిన్‌ను క్లినిక్ నుంచి వెంటబెట్టుకొచ్చిన గైడు, హసింతా కూతురే. కుండ చూసి తల దించుకుంది.

"భూకంపానికి పగిలిందన్నావు గదే, మీ అమ్మమ్మ కుండ?"

"ఈవిడ చేసిన కుండ బట్టీలో పగిలిపోయిందమ్మా. విమానానికి టైమైపోతోంది. చేతికందింది ఇచ్చేశా."

"అటక మీద గుడ్డలో చుట్టి దాచింది నీ చేతికందిందా?"

వాళ్ల గబగబ మాటలు డోరిన్‌కు అందలేదు. "బాగా కుదిరింది కదూ?" అని కొత్త పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

"చాలా బాగా కుదిరిందమ్మా," అని హసింతా కుండ తిరిగి ఆమె చేతుల్లో పెట్టింది. తర్వాత బల్ల మీది పెంకుల పొడి డబ్బా అందుకుని కూతురి వైపు తిరిగింది.

"'అమ్మమ్మ కుండ పెంకులు చూస్తే తట్టుకోలేవమ్మా, నేనే దంచి తెచ్చా' అన్నావు. ఇన్నాళ్లూ మా అమ్మే అనుకుని మట్టి కలిపినప్పుడల్లా చిటికెడు వేశాను. మరి ఈ పొడి ఎవరి కుండదే?"

యెసేనియా డోరిన్ వైపు చూసింది.