మట్టి వరుస

"ఇంకా ఎంత లోతు తవ్వుతావమ్మాయ్?" గట్టు మీద గొంతుకూర్చున్న పెద్దమ్మ అడిగింది.

"నడుం లోతు చాలు పెద్దమ్మా. ఈ నేల ఏ తరగతో తేలిపోతుంది."

నేల సర్వే చేసే ఆ అమ్మాయిని పొలాల వాళ్ళంతా మట్టి డాక్టరమ్మ అంటారు. అది ఎగతాళో మెచ్చుకోలో ఆమె ఏనాడూ ఆరా తీయలేదు. గుంట పక్కన మూడు గోనెపట్టాలు పరుచుకుంది. పైన దొరికిన నల్లమట్టి ఒకదాని మీద, నడుమ వచ్చిన గోధుమరంగు మట్టి రెండోదాని మీద, అడుగున ఉన్న బూడిదరంగు మట్టి మూడోదాని మీద పోస్తోంది.

"ఇదేం చోద్యం! మట్టికి కూడా మడీ ఆచారమా?"

"పూడ్చేటప్పుడు అడుగుది అడుగునే పడాలి, పైది పైనే పడాలి. మా ఆఫీసులోనూ నన్ను చూసి నవ్వుతారు. వాళ్ళంతా కలగాపులగంగా తోసేసి చేతులు దులుపుకుంటారు. నాకేమో చిన్నప్పటి అలవాటు. ఇంకోలా చేస్తే అన్నం సయించదు."

అడుగు మట్టి పెళ్ళ ఒకటి విరిచి చూపించింది. బూడిదరంగులో ఎర్రటి తుప్పు మచ్చలు, పాత వేళ్ళు పాకిన దారుల వెంట నిలువుగా సాగి ఉన్నాయి.

"వానల్లో నీళ్ళు ఇక్కడిదాకా ఎక్కుతాయి. ఎండల్లో దిగిపోతాయి. అలా ఏళ్ళూ పూళ్ళూ జరిగితేనే ఈ మచ్చలు పడతాయి."

'కాస్త నీరు నిలిచే, ఇసుకా బంకా కలిసిన గరప నేల' అని పుస్తకంలో రాసుకుంది.

"అయ్యో రాత! మా మరిది నెత్తీ నోరూ కొట్టుకున్నది ఇందుకే," అంది పెద్దమ్మ. "చుక్క నీరు నిలవదని ఎవరో సర్వే ఆయన కాగితం మీద రాసిచ్చాడట. అది నమ్మి తోట వేస్తే వేళ్ళు కుళ్ళి ఒక్క మొక్కా బతకలేదు. రాసినవాడి మీద అర్జీ పెడతానని పొద్దున్నే బయల్దేరాడు. పద్దెనిమిదేళ్ళయింది. ఇంతవరకూ పత్తా లేడు."

"వెతికించలేదా?"

"వెతికినచోట వెతక్కుండా వెతికాం. పొలం కోసం మావారే తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నాడని ఊరంతా కోడై కూసింది. ఆ నింద మోసుకునే, మిషన్ మీద ఊరి బట్టలు కుట్టుకుంటూనే ఆయన పోయిన ఏడు కన్ను మూశారు." పెద్దమ్మ చెయ్యెత్తి పొలం మూలకి చూపించింది. "ఆ గడ్డి చూడు తల్లీ."

చుట్టూ పలచగా ఉన్న గడ్డి అక్కడ ఒక్కచోట మాత్రం మంచమంత మేర గుబురుగా పెరిగి ఉంది. గాలి లేకపోయినా దాని కొసలు కదులుతున్నట్టే అనిపించింది.

"తవ్వించడానికి ఇన్నేళ్ళూ ధైర్యం చాల్లేదు. ఊరి మాటే నిజమైతే ఆయన మొహం ఎలా చూడను? ఇప్పుడు ఆయనే లేరు. మావారు చేశారో లేదో తెలియకుండా నేను పోలేను."

ఇంతలో ఫోన్ మోగింది. నాన్న. ఆయనా ఈ నేల సర్వే శాఖలోనే పనిచేసి రిటైరైన మనిషే.

"మాత్ర వేసుకున్నావా నాన్నా?"

"వేసుకున్నాలే తల్లీ, నువ్వు నాకు అమ్మవయిపోయావు. ఇవాళ ఎక్కడ?"

"కాలవ పక్క పొలంలో."

"కాలవ పక్కదా?" నాన్న రెట్టించాడు. "ఒక గుంట చాలు. మూల దాకా పోకు, కాలు దిగబడుతుంది. వానొచ్చేలా ఉంది, వచ్చెయ్."

ఆమె తలెత్తి చూసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

మూల దగ్గర పార పక్కన పెట్టి నేలలోకి తిప్పి మట్టిని పైకి లాగే మెలికల బరమా దింపింది. నల్లమట్టి వచ్చింది. తర్వాత గోధుమరంగుది, ఆ తర్వాత బూడిదరంగుది.

"వరుస సరిగ్గానే ఉంది పెద్దమ్మా!"

"అంటే ఎవరూ తవ్వలేదన్నమాట! చల్లటి మాట చెప్పావు."

డాక్టరమ్మకీ గుండె తేలికపడింది. పెళ్ళను వేళ్ళ మధ్య నలిపేదాకా అంతే. అది పిండిలా రాలిపోయింది. తుప్పు మచ్చలున్నాయి, కానీ నిలువుగా లేవు. ముక్కలై, తలకిందులై, అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఈ చోటు ఎవరో తవ్వి పూడ్చిందే. మళ్ళీ బరమా తిప్పింది. పైకి లాగితే మెలికలకి చుట్టుకుని ఒక గుడ్డపీలిక వచ్చింది. కుట్టు ఇంకా ఊడలేదు.

పెద్దమ్మ వంగి ఆ కుట్టును తడిమింది. "మావారు మా మరిదికి కుట్టిన చొక్కా ఇది," అంది. "ఆయనే చేశారా? ఉన్నదున్నట్టు చెప్పు తల్లీ."

"కాదు పెద్దమ్మా. ఒట్టు. భయపడి పాతిపెట్టేవాడు మట్టిని చేతికందినట్టు తోసేస్తాడు. ఇక్కడ మూడు రకాల మన్నూ విడివిడిగా తీసి, మళ్ళీ వరుస తప్పకుండా పేర్చారు. దర్జీ పని చేసేవాళ్ళకి ఆ ధ్యాస ఎక్కడిది? ఇది మట్టి పని తెలిసినవాళ్ళు చేసింది."

పెద్దమ్మ ఆ పీలికను గుండెకి హత్తుకుని బావురుమంది. పద్దెనిమిదేళ్ళ ఏడుపు అది. ఏడ్చి ఏడ్చి తెప్పరిల్లాక కళ్ళు తుడుచుకుంది.

"మరి ఇంత ఓపిగ్గా పూడ్చిన మహానుభావుడు ఎవరమ్మా?"

 డాక్టరమ్మ ఫోన్ తీసి నాన్నకి చేసింది.

"నాన్నా, ఒక్క మాట. గుంట తవ్వేటప్పుడు మూడు పట్టాలు పరిచే పద్ధతి... మీ రోజుల్లో అందరూ అలాగే చేసేవాళ్ళు కదూ? చాలామంది చేసేవాళ్ళే కదూ?"

అవతల నాన్న మురిపెంగా నవ్వాడు.

"ఒక్కడూ లేడు తల్లీ, అది నేను కనిపెట్టిందే!"