నంబరడిగినోడు

“మీ ఫోనుకు నంబరొచ్చింటాది, చెప్పమ్మా,” అన్నాడు మోపెడ్ మీద వచ్చిన మనిషి.

తిరుపతమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

నిన్ననే ఊళ్ళో దండోరా వేశారు. ఎవడో ఫోన్ చేసి అడిగితే నంబరు చెప్పి, ఆ ఊరి గిడ్డమ్మ బ్యాంకులో దాచుకున్నదంతా పోగొట్టుకుంది. ఫోన్ చేసి అడిగేవాళ్ళకు నంబరు చెప్పొద్దని పోలీసులు రాసిచ్చారు. తలారి బొజ్జన్నకు అంత పొడుగు మాట నోరు తిరుగుతుందా? కుదించి తప్పెట కొట్టాడు.

నంబరడిగినోడు దొంగ, అంతే.

ఏడాదిగా ఊరికి ఫోన్లో తెప్పించుకున్న సరుకులన్నీ తెస్తున్నది ఈ మనిషే. చీరలైనా, టార్చిలైట్లైనా అతని చేతిలో దుడ్లు పెట్టి తీసుకునేవాళ్ళు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

ఈసారి దుడ్లు కోడలు శివకుమారి ముందే కట్టేసింది. అట్లాంటి పెట్టె ఇవ్వాలంటే ఫోనుకొచ్చిన ఈ నంబరు చెప్పాలి.

పెట్టెలో ఉన్నవి తిరుపతమ్మ మొగుడు పుల్లన్న చెప్పులు. ఆయనకు చక్కెర జబ్బు, అరికాల్లో పుండు. మెత్తటి చెప్పులు వేయకుండా తిరిగితే పాదం తీసేయాల్సి వస్తుందని కర్నూలు డాక్టరు చెప్పాడు. పుల్లన్న పాదానికి సరిపడేవి అంగళ్ళలో దొరకలేదు.

కోడలు ఉపాధి పనికి పోయింది. ఫోను తిరుపతమ్మ దగ్గరే ఉంది. దాన్ని కొంగులో చుట్టుకుని కేకేసింది.

జనం మూగారు. బొజ్జన్న మోపెడ్ తాళం లాక్కున్నాడు. ఎవరో చెంప మీద కొట్టారు కూడా.

“నంబరెందుకు? పెట్టె ఇచ్చి పో,” అంది తిరుపతమ్మ.

“నంబరు లేకుండా ఇస్తే నేనే దొంగనయితానమ్మా. పెద్దాయన కాలు చూసినా. ఇది ఎనక్కి పోతే కష్టం.”

ఎవరూ వినలేదు. మళ్ళీ ఊళ్ళో కనబడితే కాళ్ళిరగ్గొడతామని, తాళం చేతికిచ్చి పెట్టెతో సహా పంపించేశారు. పెట్టె మీద చూసుకున్న ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి, మీ మనిషి దొంగ అని ఫిర్యాదు కూడా చేశారు.

సాయంత్రం సంగతి విని శివకుమారి తల బాదుకుంది. వెంటనే మళ్ళీ ఆర్డరు పెట్టింది.

పది రోజులు వాకిలి చూస్తూ కూర్చున్నారు. మోపెడ్ రాలేదు. వేడికి కాలిన నేల మీద పాత చెప్పులతోనే పుల్లన్న చేనికి పోయాడు. పుండు నల్లబడింది. ఆ నెల్లోనే కర్నూలు ఆసుపత్రిలో పాదం తీసేశారు.

శివకుమారి షేర్ ఆటో ఎక్కి కోడుమూరు పార్సిల్ ఆఫీసుకు పోయింది. అక్కడి మేనేజరు సుందరాన్ని నిలదీసింది.

“మీ మనిషి రాకనే మా మామ కాలు పోయె. ఏం మనుషులప్పా మీరు?”

సుందరం కంప్యూటర్లో చూశాడు. రెండో పెట్టె కూడా వారం రోజులు ఇక్కడే ఉందని, ఎవరూ వచ్చి తీసుకోనందుకు తిరిగి పంపేశామని చెప్పాడు.

“మేమెందుకు రావల్ల? ఎప్పుడూ ఇంటికే తెచ్చిస్తాండె గదా ఆయప్ప. యాడున్నాడు?”

“మీ ఊరోళ్ళ ఫిర్యాదు వచ్చినంక తీసేసినాం. పార్సిళ్ళు బయటికి తీస్కపోయినాడని.”

“ఇంటికి తెచ్చేవాడు బయటికి తీస్కపోక ఏం చేస్తాడు?”

సుందరం కంప్యూటర్ వదిలి ఆమె వైపు తిరిగాడు.

“మీ ఊరికి మాకు డెలివరీ అనేదే లేదమ్మా, ఎన్నడూ లేదు, వీరభద్ర ఈడ మూటలు దించే మనిషి, మీరంత దూరం రాలేరని పని దిగినంక తన మోపెడ్ మీద తెచ్చిస్తాండె.”