విప్పని ముడి

"పోచా పోచా పచ్చిపోచా, నిన్ను ముడి వేసిందెవరే..." ఆ తర్వాతి చరణం పిచ్చుకవ్వకు గుర్తు రాదు. అమ్మ పాట నేర్పింది గానీ గూడు అల్లడం నేర్పలేదు. అందుకే ఈ వయసులో తుమ్మకొమ్మ మీద గిజిగాడు పంతులుగారి బడిలో చేరింది.

"అవ్వా, గూడు పూర్తయ్యేదాకా నువ్వుంటావా?" అని పిల్లలు కిచకిచ నవ్వేవారు.

పంతులుగారు ఎవరి ముడినైనా ముక్కుతో ఇట్టే విప్పేసి, "చూస్తే రాదు, మళ్ళీ వెయ్యి," అనేవారు. ఆయన విప్పని ముడి ఒక్కటైనా వెయ్యాలని అవ్వ ఆశ.

పంతులుగారు జబ్బుపడ్డారు. అవ్వ తన గడ్డిపోచ పట్టుకెళ్ళి చూపించింది. ఆయన ముడికి ముక్కు ఆనించి, విప్పకుండా వదిలేశారు.

"ఇన్నాళ్ళకు కుదిరిందా పంతులుగారూ?" అంటూ అవ్వ మురిసిపోయింది.

ఆయన రెక్కలు వాల్చి, ఆఖరుగా ఇలా అన్నారు:

"నీకు కుదిరి చాలా కాలమైందవ్వా. ఇప్పుడు విప్పే ఓపికే నాకు లేదు. రేపట్నుంచి పిల్లల ముడులు నువ్వు విప్పు."