సెలవు లేని ట్యూషన్

"ఎక్స్ అంటే ఎంతో మీకూ తెలీదు, నాకూ తెలీదు. మరి గంటనుంచి దాన్ని పట్టుకుని ఈ వేలాడటం దేనికండీ?" అన్నాడు శిష్యుడు విసుగ్గా.

"తెలీదు కనకే వెతుకుతున్నాం. కూర్చో," అన్నారు మాస్టారు.

శిష్యుడికి ముప్పై ఎనిమిదేళ్లు. బుర్రమీసాలు, బెల్టు మీదికి దిగిన బొజ్జ. పదో తరగతి ఎప్పుడో తప్పాడు. ఇప్పుడది పాసైతేనే ఉద్యోగంలో పై మెట్టు. రెండుసార్లు కట్టాడు, రెండుసార్లూ లెక్కలు ముంచాయి. పైగా ఈ ఏడు కూతురు కూడా అదే పరీక్ష రాస్తోంది. "మా ఇంట్లో ఇద్దరు టెన్తు పిల్లలు. చిన్నదాంతో బెంగలేదు," అని భార్య పక్కింటావిడతో అనడం చెవిన పడింది. దాంతో అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడే వెళ్లి మాస్టారి ముందు నిలబడ్డాడు.

మాస్టారు బక్కపల్చటి మనిషి. ఉతికిన తెల్లబట్టలు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. పాతికేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పిన గొంతు. "ఇంకొకళ్లకి చెప్పే అర్హత నాకు లేదయ్యా," అని మొదట తప్పించుకోబోయారు. శిష్యుడు వదిలితేగా!

రోజూ మధ్యాహ్నం మూడింటికి పాఠం. లైబ్రరీ గదిలో, ఒక కాలు పొట్టిదైన బల్ల దగ్గర. శిష్యుడు అప్పుడప్పుడు ఏదో వంక పెట్టి ఎగ్గొట్టేవాడు. మాస్టారు మాత్రం ఒక్కరోజూ సెలవు పెట్టలేదు. వానొచ్చినా, జలుబు చేసినా, పండగైనా సరే, మూడయ్యేసరికి సుద్దముక్క పట్టుకుని అక్కడ ఉండేవారు.

కిటికీ ఊచ మీది తుప్పు గీకి చూపించి రసాయన చర్య అంటే ఏమిటో చెప్పారు. అరటిపండు మీద పెన్నుతో గీతలు గీసి అక్షాంశాలూ రేఖాంశాలూ చెప్పారు. పాఠం అయ్యాక శిష్యుడు భూగోళాన్ని ఒలుచుకు తినేశాడు. సముద్రాల పాఠం వచ్చినప్పుడు మాత్రం మాస్టారు కిటికీకేసి చూస్తూ, పుస్తకంలో లేనివి కూడా చాలాసేపు చెప్పారు.

చరిత్ర దగ్గర శిష్యుడు చేతులెత్తేశాడు.

"ఏ యుద్ధం ఎందుకొచ్చిందో నాకెలా గుర్తుంటుందండీ?"

"సరే, నిన్న మీ ఇంట్లో గొడవ జరిగిందన్నావుగా. ఎందుకు జరిగింది? తక్షణ కారణం చెప్పు."

"తడి తువ్వాలు మంచమ్మీద పడేశాను."

"దీర్ఘకాలిక కారణం?"

శిష్యుడు మీసం గోక్కున్నాడు. "మా అమ్మండీ."

మాస్టారు కళ్లద్దాలు తీసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆయన అంతలా నవ్వడం శిష్యుడు చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత చరిత్రతో ఇబ్బంది రాలేదు.

లెక్కల పరీక్ష ముందురోజు శిష్యుడు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"మాస్టారూ, మా తోడల్లుడి దగ్గరికి రేపటి పేపరు వచ్చేసిందట. సాయంత్రం ఇంటికి పట్టుకురమ్మంటావా అని అడుగుతున్నాడు."

మాస్టారి చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

"చూశావా?"

"ఇంకా లేదండీ."

"చూస్తే ఇక నా మొహం చూడకు."

"ఈ ఒక్కసారికేనండీ. ఇందులో ఎవరికి నష్టం?"

"మీ అమ్మాయికి!" మాస్టారు అరిచారు. అన్ని నెలల్లో ఆయన గొంతు పెంచింది ఆ ఒక్కసారే. "రేపు అదే పరీక్ష రాస్తోంది కదా, ఏడాదంతా కష్టపడి చదివిన పిల్ల! సంగతి బయటపడితే పరీక్ష రద్దు చేస్తారు. అందరినీ మళ్లీ రాయమంటారు. అప్పుడు ఆ పిల్లల మొహాలు ఎలా ఉంటాయో నీకు తెలీదు."

శిష్యుడు హడలిపోయి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. మాస్టారు రెండు గుక్కలు తాగి, విరిగిన ముక్కల్లో పెద్దది తీసుకున్నారు.

"కూర్చో. వర్గ సమీకరణం, మళ్లీ మొదటినుంచి."

సాయంత్రం తోడల్లుడు కాగితం మడతపెట్టుకుని వచ్చాడు. శిష్యుడు అతనికి కాఫీ మాత్రం ఇచ్చి పంపేశాడు.

నెల తిరిగేసరికి ఫలితాలొచ్చాయి. లెక్కల్లో కూతురికి తొంభై ఒకటి, తండ్రికి ముప్పై తొమ్మిది. ఇంట్లో అందరూ ముప్పై తొమ్మిదికే గంతులేశారు. చరిత్రలో అతనికి డెబ్భై నాలుగు రావడం ఎలా సాధ్యమైందో భార్యకు అంతు చిక్కలేదు. అతను చెప్పలేదు.

మిఠాయి పొట్లంతో లైబ్రరీ గదికి పరిగెత్తుకొచ్చి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ప్రమోషన్ ఆర్డరు కూడా వచ్చిందండీ. వేరే ఊరు. సోమవారం వెళ్లి చేరాలి."

"మంచిది. ఇంతటితో ఆపకు. ఇంటరుకి కట్టు."

"మీరు లేకుండా ఎలాగండీ?"

"ఎక్స్ ఎంతో కనుక్కున్నవాడివి, ఇంక నేనెందుకయ్యా?"

నాలుగున్నర గంట కొట్టింది. ఇద్దరూ లేచారు. వరండా పొడుగునా పక్కపక్కనే నడిచారు. చివరి గది దగ్గర మాస్టారు ఆగి, అతని భుజం తట్టారు.

కొత్త హెడ్ వార్డరు చేతిరుమాలుతో కళ్లు తుడుచుకుని, ప్రశ్నపత్రం లీకు చేసిన నేరానికి ఇంకా రెండేళ్ల శిక్ష మిగిలి ఉన్న మాస్టారిని లోపలికి పంపి, సెల్లుకు బయటనుంచి తాళం వేశాడు.