కట్టెబొగ్గా, రాక్షసిబొగ్గా?

“కట్టెబొగ్గు దండగ పాపా. రాసి పెట్టుకో” అన్నాడు పులిగోరు.

“నీ నోటికి దండగ కానిదేదన్నా ఉండాదా అన్నా?” అంది సుత్తి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. సెల్‌ఫోన్ ఆటలో ఒకే కోటలో ఉంటారు, అందులోనే మాట్లాడుకుంటారు, అంతే. ఆ ఆటలో ఒట్టి చేతులతో అడవిలో దిగాలి. చెట్లు కొట్టాలి, రాళ్లు తవ్వాలి, కొలిమి పెట్టి ఇనుము తీయాలి. తీయకపోతే పక్క కోటవాళ్లు వచ్చి ఉన్నది ఊడ్చుకుపోతారు. ఎవరిదే ఊరు, ఏం పని అని అడక్కూడదని కోటలో కట్టుబాటు. అడిగితే పెళ్లి సంబంధాల దాకా పోతుందని.

పులిగోరు అసలు పేరు పెంచలనరసయ్య. యాభై దాటినవాడు. ఉదయగిరిలో కొట్టు. మధ్యాహ్నం గిరాకీ ఉండదు కాబట్టి ఆటకు కూర్చుంటాడు. గిరాకీ ఉన్నా కూర్చుంటాడు. సుత్తి అసలు పేరు కరుణశ్రీ. ఆత్మకూరులో నాయన వెంగయ్యతో కలిసి నిజం కొలిమి దగ్గర, నిజం సుత్తితో కొడవళ్లు సాగగొడుతుంది. ఆమె ఎక్కువ మాట్లాడుతుంది కాబట్టే ఆ పేరు పెట్టుకుందని పులిగోరు అనుకున్నాడు.

కోటలో దొర పదవి ఖాళీ అయింది. పాత దొరకు పెళ్లయింది, ఆట మానేశాడు. ఉన్నది ఇరవై మంది. సగం పులిగోరు వైపు, సగం సుత్తి వైపు. అందుకని పందెం పెట్టారు. ఇద్దరికీ వంద వంద ఇనుపరాళ్లు, ఎవరికి నచ్చిన ఇంధనం వారికి ఒక్కో బండెడు. ఎవరు ఎక్కువ ఇనుము తీస్తే వాళ్లే దొర. ఓడినవాళ్లు గేటు దగ్గర కాపలా.

పెంచలనరసయ్యను ఇంట్లో గానీ వీధిలో గానీ ఇంతవరకు దొరా అని పిలిచినవాడు లేడు. ఈ పందెం ఓడితే ఇక పిలవబోయేవాడూ లేడు.

ఎండుకట్టెలు ఇద్దరూ వద్దనుకున్నారు. సగం వేడి పొగకే సరి. పిడకలు పాలు కాచుకోవడానికి. మిగిలినవి రెండు. కట్టెబొగ్గు తేలిక. రెండు ఊదులకు ఎర్రబడుతుంది, అంత తొందరగానూ చల్లారుతుంది. రాక్షసిబొగ్గు కోసం గని దాకా పోవాలి. అంటుకోవడానికి మొరాయిస్తుంది, అంటుకుంటే మాత్రం దిగదు. చేతికి అలవాటైనది కదా అని కరుణశ్రీ కట్టెబొగ్గు పట్టుకుంది. పులిగోరు రాక్షసిబొగ్గు ఎంచుకున్నాడు.

పందేనికి ముందురోజు మధ్యాహ్నం పులిగోరు ఆమె ధైర్యం దెబ్బతీయడానికి కూర్చున్నాడు.

“కట్టెబొగ్గు బస్తా సంగతి నీకేం తెలుసు? మూతి విప్పితే చేతికందే చోట గడ్డలు. అడుగున పొడి. తూకానికి ముందు రెండు చెంబుల నీళ్లు. నడిమధ్యలో సగం కాలిన మొద్దు ఒకటి. పైనుంచి చూస్తే పెళ్లికూతురు, కింద చూస్తే బూడిద.”

“ఆటలో నీళ్లెవరు చల్లతారన్నా?”

“బొగ్గు యాడైనా బొగ్గే. యాడన్నా ఒక బస్తా తిరగేసి కుమ్మరించి చూడు. నేను చెప్పింది ఒక్కటి తప్పితే గోరు తీసేసి ఒట్టి పులి అని పేరు మార్చుకుంటా.”

అంతలో శీనమ్మ సంచీ పట్టుకొని కొట్టు ముందుకు వచ్చింది. రెండు కిలోలంది. తెర మీది నుంచి కళ్లు తీయకుండా నువ్వే తూచుకో అన్నాడు. నీ తూకం కంటే అదే నయం అని ఆమె లోపలికి వెళ్లి తూచుకొని, చేతులు దులుపుకుంటూ వెళ్లిపోయింది. పెంచలనరసయ్య తువ్వాలుతో ఫోన్ తుడిచి మళ్లీ అందుకున్నాడు.

మర్నాడు ఇరవై మందీ చూస్తుండగా రెండు కొలుములు వెలిగాయి. మొదట్లో సుత్తిదే పైచేయి. పులిగోరు కొలిమి ఇంకా పొగ కక్కుతుండగానే ఆమె పన్నెండు కడ్డీలు తీసింది. నలభై మూడో కడ్డీ దగ్గర ఆమె బండి ఖాళీ అయింది. పులిగోరు డెబ్బై ఒకటి తీశాడు. బండిలో ఇంకా బొగ్గు మిగిలింది.

“దొరా” అన్నారు అందరూ. సరిగ్గా వినపడలేదని ఇంకోసారి అనిపించుకున్నాడు.

సుత్తి గేటు దగ్గరికి పోయి నిలబడింది.

“నువ్వు చెప్పినట్టే చేసినా దొరా. పొద్దున మా కొలిమి కాడి బస్తా తిరగేసినా.”

“మీకు నిజం కొలిమి ఉండాదా?”

“ఉండాది. బస్తా అడుగున కుంచెడు పొడి. చెయ్యి పెడితే తడి. సగం కాలిన మొద్దు గూడా నువ్వు చెప్పిన చోటే ఉండాది. ఆరేళ్లుగా మా నాయన ఆ బస్తాలేసే ఆయన్ని మంచోడని నమ్మినాడు.”

దొర ఛాతీ అంగుళం పెరిగింది. “అట్టాంటోణ్ణి ఊరికే వదలొద్దు పాపా. ముందు సరుకు ఆపండి. తర్వాత నాలుగు తిట్టండి. మొహమాట పడొద్దు.”

“నాయన ఆ పని మీదే ఉండాడు. రాక్షసిబొగ్గు లోడుకు చెప్పేసినాడు. ఇప్పుడు ఆయనకే ఫోన్ కలపతా ఉండాడు.”

“నా తరఫున గూడా ఒక మాట అనమను” అంటూ దొర సింహాసనం మీద కూర్చోబోతుండగా, ఆ సింహాసనాన్ని కప్పేస్తూ తెర మీద ఒక పేరు వెలిగింది: ‘ఆత్మకూరు వెంగయ్య, కొలిమి, వారానికి పది బస్తాలు’.