అద్దె కాగితంలో రెండు పేర్లు

"బాత్రూంలో బ్రష్షులు మూడున్నాయి," అన్నాడు హాలరన్, చేతిలో ఫైలు తెరుస్తూ. "అద్దె కాగితంలో పేర్లు రెండే."

లొరేటా కుర్చీలో కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది. తొమ్మిదేళ్ళ టెస్సా నానమ్మ భుజానికి అతుక్కుపోయి నిలబడింది. ఎవరైనా అడిగితే నాన్న వేరే ఊళ్ళో ఉన్నాడని చెప్పాలని ఆ పిల్లకి రెండు నెలలుగా నేర్పించారు. కానీ హౌసింగ్ ఆఫీసు మనిషి పిల్లని ఏమీ అడగలేదు.

పడగ్గది తలుపు తెరుచుకుంది. డ్వేన్ తనంతట తనే బయటికి వచ్చాడు.

"మూడోది నాదేనండీ. మా అమ్మని ఏమీ అనకండి."

మత్తెక్కించే నొప్పి మాత్రలు అమ్మిన కేసులో పద్నాలుగు నెలలు జైల్లో ఉండి, మంచు కరిగే రోజుల్లో తిరిగి వచ్చాడతను. పొద్దున పూట గోడౌన్‌లో సరుకు ఎత్తే పని దొరికింది గానీ, కేసు సంగతి తెలిశాక ఏ ఇంటి యజమానీ గది ఇవ్వలేదు. తల్లి ఉండే సర్కారు ఫ్లాట్లో పేరు చేర్పించుకుందామంటే, అలాంటి కేసున్న వాళ్ళని అయిదేళ్ళ దాకా చేర్చరు. అందుకని సోఫా మీద పడుకునేవాడు. మోకాలి ఆపరేషనయిన తల్లికి బరువు తగలకుండా బట్టల మూటలు కింది అంతస్తులోని వాషింగ్ మిషన్ల దాకా మోసుకెళ్ళి ఉతుక్కొచ్చేవాడు. కూతురికి జడ వేయడం ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. మొదట్లో వంకరగా వచ్చేది. ఆ వంకర జడతోనే టెస్సా గొప్పగా బడికి పోయేది.

హాలరన్ గొంతు పెంచకుండానే చెప్పాడు. అమ్మానాన్నలు దగ్గర లేని పిల్ల కాబట్టే టెస్సా పేరున నెలనెలా సాయం వస్తోంది. తండ్రి ఇంట్లో ఉంటే అది ఆగిపోతుంది. పేరు లేని మనిషి రెండు వారాలకు మించి ఉంటే ఫ్లాటూ పోతుంది. మూడో అంతస్తులో ఒకావిడ మొగుణ్ణి దాచిపెట్టి దొరికిపోయింది. ఇద్దరు పిల్లలతో ఇప్పుడు కార్లో పడుకుంటోంది. ఆ సంగతి బిల్డింగంతటికీ తెలుసు. అయితే ఇది మొదటిసారి గనక, వారంలోగా డ్వేన్ వెళ్ళిపోయి, వేరే చోట ఉంటున్నట్టు కాగితం చూపిస్తే కేసు మూసేస్తానన్నాడు.

డ్వేన్ సరేనన్నాడు. ఒక్కటే అడిగాడు.

"మీకు ఎవరు చెప్పారు?"

పేర్లు చెప్పకూడదన్నాడు హాలరన్. లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"మీ మంచి కోరేవాళ్ళే అనుకోండి. ఫోన్ చేసి, పెద్దావిడకీ పాపకీ ఇల్లు పోదు కదా అని ముందు గట్టిగా అడిగారు. ఆ తర్వాతే సంగతి చెప్పారు."

తలుపు మూసుకున్నాక డ్వేన్ తల్లి వైపు తిరిగాడు.

"వాండాకి చెప్పావా అమ్మా, నేనిక్కడున్నానని?"

చెప్పానంది లొరేటా.

వాండాది ఎదురు ఫ్లాటు. ఆమెకీ లొరేటాకీ పాతికేళ్ళ స్నేహం. ఒకే హోటల్లో గిన్నెలు కడిగి, ఒకే ఏడాది ఈ ఇళ్ళకి దరఖాస్తు పెట్టి, ఆరేళ్ళు కాచుకుని ఎదురెదురుగా చేరారు. లొరేటా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ టెస్సా ఆమె దగ్గరే ఉంది. డ్వేన్ వెళ్ళి తలుపు తట్టేసరికి వాండా కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. అతను అరవలేదు. నా కూతుర్ని నాకు లేకుండా చేశావని మాత్రం అన్నాడు. వాండా మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత వసారా దాటి లొరేటా దగ్గరికి వచ్చింది.

"నేనట్లాంటి పని చేస్తానా? నువ్వయినా చెప్పవే వాడికి."

లొరేటా సింకు వైపు తిరిగి, కడిగిన కప్పునే మళ్ళీ కడగసాగింది.

వాండా మెడలో వేలాడే తాళాల గుత్తిలోంచి లొరేటా ఇంటి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా డ్వేన్ ఇంట్లో పనులే చేశాడు. కారే కుళాయి బాగు చేశాడు. ఊరికి ఆ చివర ఇల్లు లేని మగవాళ్ళుండే షెల్టర్లో మంచం దొరికింది. అక్కడికి పిల్లల్ని రానివ్వరు. ఆదివారాలు పార్కులో కలుద్దామని కూతురికి చెప్పాడు. టెస్సా ఏడవలేదు. జడ వేయించుకుని, రాత్రి కూడా విప్పనివ్వలేదు.

వెళ్ళే రోజు బ్యాగు భుజాన వేసుకుని తల్లిని కౌగిలించుకున్నాడు.

"నీ తప్పేం లేదమ్మా. నువ్వు దిగులు పెట్టుకోకు. ఆవిణ్ణి మాత్రం మళ్ళీ గడప తొక్కనివ్వకు."

లొరేటా తలూపింది.

రెండు రోజుల తర్వాత వాండా సూపు గిన్నె తెచ్చి తలుపు బయట పెట్టింది. టెస్సా దాన్ని కాలితో ఎదురు గుమ్మం దాకా నెట్టి, లోపలికి వచ్చి గొళ్ళెం వేసింది. లొరేటా చూస్తూ ఊరుకుంది.

సోమవారం ఆమె షెల్టర్ వాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని, చేతికర్రతో రెండు బస్సులు మారి ఆఫీసుకి వెళ్ళింది. హాలరన్ దాన్ని రెండుసార్లు చదివి ముద్ర వేశాడు. ఫ్లాటుకి ఇబ్బంది లేదని, టెస్సా సాయం ఎప్పటిలాగే వస్తుందని చెప్పాడు. లొరేటా బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. అతను వెనకున్న వరుస వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఫోన్ చేసింది మీరేనని ఎక్కడా రాయలేదండీ."