పాత రంగు గీకొద్దు

"తప్పు మీ ఇద్దరిది! మీరు అడుగుడు, మా అక్క తలూపుడు. ఇద్దరు కలిసి బతికున్న జీవం తోలు ఒలిపిస్తున్నరు!"

షెడ్డు పనోడు గిరి రంగు గీకే గరుకు కాగితాన్ని నేలకేసి కొట్టాడు. అప్పటిదాకా బంపర్ ముందు గొంతుక్కూర్చున్నవాడు ఒక్కసారిగా లేచి అరిచాడు.

మెర్సీ గబుక్కున ఇద్దరి మధ్యకు వచ్చింది. జడ్చర్ల హైవే పక్కన ఈ కార్ల షెడ్డు ఆమెది. షెడ్డు కింది జాగా మాత్రం ఎదురుగా నిలబడ్డ విజేందర్‌కు పిల్లనిచ్చిన మామది. అల్లుడు మొహం చిట్లిస్తే చాలు, సాయంత్రానికి మామ షెడ్డుకు తాళం వేయిస్తాడు. తాళం పడితే ఆమె బతుకు రోడ్డు మీదే.

"సార్, మీరు మనసుల పెట్టుకోకుండ్రి. వాళ్ల నాయిన పోయిండు. దినాలు మొన్ననే అయినయ్. పోరనికి నిమ్మలం లేదు."

విజేందర్ గిరి గుండు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"సరే తియ్. నాకు బండి మొత్తం మెరుపు లేని మ్యాట్ నలుపు కావాలె. తెలుపు ఆనవాలు ఉండొద్దు. పాతదంతా గీకి రంగే కొట్టుండ్రి. జాగా ఎవలదో యాదున్నది గద మెర్సీ?"

యాదుండకేం! ఇలాంటివాళ్లు ఊపిరి తీసిన ప్రతిసారీ యాదికి తెస్తారు.

బండి నిగనిగలాడే తెల్లది. ముందు ఎడమ లైటు పక్కదానికన్నా కొత్తగా ఉంది. దాని కింద బంపర్ మూల గీరుకుపోయింది. గీతల్లో చిలకపచ్చ మరక ఇరుక్కుంది.

"గిదేంది సార్?" అడిగింది మెర్సీ.

"తోట గేటుకు రాసుకున్నది. పెట్రోలు పోసి రుద్దినా పోలే. అందుకే గీకుమంటున్న."

గిరి దగ్గరికి వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"సార్, కోపంల అన్న. జర ఇనుండ్రి. మ్యాట్ రంగుకు పాలిష్ పట్టరాదు. పిట్ట రెట్టేసి ఎండితే మచ్చ పడ్డట్టే. ఒక్క గీత పడితే తలుపు మొత్తం మళ్ల కొట్టాలె. గీకుడు, పుట్టీ పెట్టుడు, ఆరబెట్టుడు... బండి శానా దినాలు ఈడనే. అదే రంగు మీద అతికించే మ్యాట్ ఫిల్మ్ అనుకోండ్రి, ఎల్లుండికి తోల్కపోతరు. రాయి ఎగిరొచ్చినా దెబ్బ ఫిల్మ్ తింటది. కంపెనీ రంగు కింద సల్లగుంటది."

"ఎల్లుండికే అయితదా?"

"అయితది."

"ఎవలు చూసినా నల్లబండే అంటరా?"

"కన్నతల్లి గూడ గుర్తుపట్టది సార్."

విజేందర్ నవ్వాడు. తాళంచెవి గిరి చేతిలో పడేసి పోయాడు.

అతను గేటు దాటగానే మెర్సీ విరుచుకుపడింది. "నీకు ఫిల్మ్ మీద గింత ప్రేమ ఎప్పటిసంది రా? మొన్నటిదాక అట్ట మీద కవరు అని ఎక్కిరిస్తివి గద!"

"మనుషులు మారుతరక్కా."

"గుండు చేయించుకుంటే బుద్ధి గూడ మారుతదా?"

అని నాలుక కరుచుకుంది. గిరి తండ్రి కురుమయ్య కళ్ల ముందు మెదిలాడు. అందరూ ఎర్రజాజు రంగే పూయడంతో పక్క మందల్లో తన గొర్లు కలిసిపోతున్నాయని, కొత్త గుర్తు కావాలని షెడ్డుకొచ్చాడు. పాల ఆటోకు కొట్టి మిగిలిన రంగు డబ్బా ఆమే చేతిలో పెట్టింది. "గొర్లనుకోరు పెద్దయ్యా, చిలకల గుంపనుకుంటరు" అంటే బోసినోటితో నవ్వాడు. అదే ఆఖరి చూపు.

మరునాడు గిరి బండి కడిగాడు. అంగుళం అంగుళం తుడిచాడు. వేడిగాలి పట్టి, ముడత లేకుండా నల్ల ఫిల్మ్ సాగదీసి అతికించాడు. ఎడమ బంపర్ దగ్గరికి వచ్చేసరికి మెర్సీకి ఒళ్లు మండింది.

"ఆ మూలకు పుట్టీ పెట్టలే, కడగనన్న కడగలే! గరుకు తేలుతది. నా షెడ్డు ఇజ్జత్ తీస్తవా?"

"నలుపు కింద ఎవలకు కనబడది తియ్యక్కా."

అంత మంచి పనోడు అంత పాడు మాట అన్నాడు. దుఃఖం చేతులను కూడా చెడగొడుతుందనుకుని ఆమె ఊరుకుంది. పైగా ఘడియకోసారి ఫోన్ పట్టుకుని బయటికి పోతున్నాడు.

"ఎవలకు రా గన్ని ఫోన్లు?"

"పెద్దోళ్లకు. ఎత్తుతలేరు. ఎత్తినోళ్లు వస్తం వస్తం అంటున్నరు."

ఎల్లుండి రానే వచ్చింది. విజేందర్ బండి చుట్టూ తిరిగాడు. బొగ్గులా నల్లగా, మెరుపు లేకుండా నిలబడిందది. బంపర్ మూలకు వంగి చూసి, పచ్చ మరక కనబడక తృప్తిగా తలాడించాడు.

"నా బండేనా ఇది! మంచి పనోణ్ని పెట్టుకున్నవ్ మెర్సీ. జాగాకు ఫికర్ చెయ్యకు, మామకు నేను చెప్త."

మెర్సీ ఊపిరి పీల్చుకుంది. షెడ్డు నిలిచింది.

అప్పుడే పోలీసు జీపు వచ్చి షెడ్డు నోటికి అడ్డంగా ఆగింది. వెనక సీట్లోంచి గిరి తల్లి గుర్వమ్మ దిగింది. ముందు నుంచి ఎస్సై చిరాకుగా దిగాడు.

"ఏం గిరీ, ఒక్కతీర్గ ఫోన్లు చేసి సతాయిస్తివి! మీ నాయినను గుద్దింది లారీ అని రాసి కేసు మూసినం గద. గీ కార్ల షెడ్డుకెందుకు రమ్మంటివి?"

విజేందర్ చేతిలోని తాళంచెవి టప్పున కింద పడింది. గిరి ఎడమ బంపర్ మూల చూపించి, ఫిల్మ్ కోసే బ్లేడును ఎస్సై ముందుకు చాపాడు.

"జల్ది ఫిల్మ్ పీకుండ్రి సార్, మా నాయిన గొర్ల రంగు కిందనే ఉన్నది."